చప్పిడి పంక్తి

స్వరం నిలబడడం లేదు.

ఉమామహేష్ గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేతి వేలికి తొడుక్కున్న ఇత్తడి గొట్టాన్ని తీగ మీద మెల్లగా జరిపాడు. పాత పంపు స్టవ్వులోంచి కోసుకున్న గొట్టం అది. జరిపినంతసేపూ బాగానే ఉంది. ఆపాల్సిన చోట ఆపగానే చేయి వణికింది. చేతితో పాటు తీగ, తీగతో పాటు మోత. పక్కన నేల మీదున్న చిన్న పెట్టె ఆ వణుకును పట్టుకుని మళ్లీ వినిపించింది, కాస్త తగ్గించి మళ్లీ, ఇంకా తగ్గించి మళ్లీ. ఒకసారి మీటితే ఆ మోతను దాచుకుని తిరిగి తిరిగి పలకడమే దాని పని. దాంతో వచ్చిన తంటా ఏమిటంటే, మంచి మోత మీదా చెడ్డ మోత మీదా దానికి ఒకటే ప్రేమ.

కాలితో నొక్కి దాని నోరు మూయించాడు. జీడితోటలో పాక అది. రాలిన పళ్ల పుల్లటి వాసన ఎండకి ఇంకా చిక్కబడుతోంది.

ఆదివారం ఆనంద్ వస్తున్నాడు. విశాఖలో వాళ్లిద్దరూ కలిసి పెట్టిన బ్యాండు పేరు 'బీల', ఊరి పక్క చిత్తడి నేలల పేరే. వాళ్లు వాయించేది సైకెడెలిక్ రాక్. కళ్లు మూసుకుని వినేవాడికి నేల ఎక్కడుందో తెలియకూడదు, అదీ దాని లెక్క. ఊళ్లోవాళ్లు మాత్రం దానికి ఊగుడుపాట అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆనంద్ డ్రమ్స్ వాయిస్తాడు, రికార్డింగూ తనే చూసుకుంటాడు. కొత్త ఆల్బంలో చివరి పాటకి గిటారు కావాలి. "నీ చెయ్యి పలికితే నువ్వే. పలక్కపోతే బెంగళూరులో ఒకతన్ని అడిగి ఉంచాను. ఏం అనుకోకు మహేష్," అని ఫోన్లో చెప్పేశాడు. ఉమామహేష్ ఏమీ అనుకోలేదు. చేయి చూసుకున్నాడు, అంతే.

ఇదంతా మాత్ర చేస్తున్న పనే అని అతని నమ్మకం. ఆ మాత్ర వేసుకున్నప్పటి నుంచి నిద్ర పడుతోంది, తలలో సంత సద్దుమణిగింది, నిజమే. కానీ ఈ మధ్య చేతులు ముసలివాడి చేతులైపోయాయి. ఆదివారం దాకా ఆపేస్తే ఏం పోతుంది? కిందటిసారి ఆపినప్పుడు ఏం పోయిందో తెలియక కాదు. ఆ రోజు విశాఖలో వేదిక మీద ఒక పాటని ముగియనివ్వలేదు. జనం లేచి వెళ్లిపోయారు, కరెంటు తీసేశారు, అయినా వాయిస్తూనే ఉన్నాడు. తెల్లారి జాలర్లు అతన్నీ గిటారునూ అలల్లోంచి లాక్కొచ్చారు. అయినా మనిషికి ఆశ ఉంటుంది కదా, ఈసారి నాలుగు రోజులే కదా అని.

"మహేషూ, బేగి రా! మీ మావ కూకున్నాడు," అని ఇంట్లోంచి తల్లి కేకేసింది. ఆమె పేరే పెద్దతల్లి.

దానయ్య అప్పటికే అరుగు మీద కంచం ముందు ఉన్నాడు. పక్కింటివాడు. వరసకి మావ. వారంలో సగం రోజులు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. భార్య గౌరమ్మ అదే జబ్బుతో పోయింది, కూతురు తనూజ పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి పోతుంది. అందుకే ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం తిండి ఈ అరుగు మీదే. అతనికీ ఉమామహేష్‌కీ కలిపి ఒకటే గిన్నె, ఉప్పు వెయ్యని గిన్నె. దానికి పేరు కూడా దానయ్యే పెట్టాడు.

"సప్పిడి పంక్తిలోకి రారా అల్లుడా. ఒక్కడినీ తింటే గడ్డి తిన్నట్టుంటాది. పక్కన నువ్వుంటే కూడన్నట్టుంటాది."

మామిడికాయ పప్పు. పులుపు ఉంది, కారం ఉంది, వాటిని కలిపే వస్తువు లేదు. ఉమామహేష్ ముద్ద మింగాడు. దానయ్య తన చిన్న స్టీలు గ్లాసులోంచి ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, పుక్కిట నిలుపుకుని, అప్పుడు మింగాడు. సాయంత్రం దాకా అతనికి ఆ గ్లాసే. పెరట్లో కొబ్బరిచెట్లున్న మనిషి, బొండాం నీళ్లు కూడా తాగకూడదు. అలాంటివాడి ఎదురుగా చెంబెత్తి గటగటా తాగడం ఉమామహేష్ వల్ల కాలేదు. తనూ నోరు తడుపుకుని చెంబు పక్కన పెట్టేశాడు. రోజూ అంతే.

ఇంతా చేస్తే ఉమామహేష్‌కి కిడ్నీ జబ్బు లేదు.

శీతాకాలంలో ఆస్పత్రి నుంచి ఊరికి వచ్చినప్పుడు కుళాయి దగ్గర ఎవరో అడిగారు, "కొడుక్కి ఏటైనాదమ్మా?" అని. పెద్దతల్లి బిందె ఎత్తుకుంటూ, "కిడ్నీ," అంది. ముందు అనుకుని అన్న మాట కాదు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఉద్దానంలో ఆ మాట తర్వాత ఇంకో ప్రశ్న ఉండదు. అందరూ అయ్యో అన్నారు, ఒకరు బిందె పట్టారు, సాయంత్రానికి రెండిళ్ల నుంచి చప్పిడి కూరలు వచ్చాయి. ఇక్కడ ఆ జబ్బుకి సిగ్గు లేదు. అసలు సంగతి చెబితే? పెద్దతల్లి చిన్నప్పుడు వాళ్ల పిన్నిని పశువులశాలలో గుంజకి కట్టి ఉంచారు. ఆ పిన్ని పోయి ఎన్నేళ్లయినా ఆ ఇల్లు పిచ్చోళ్ల ఇల్లే. ఒక జబ్బుకి కూర వండి పంపే ఊరే, ఇంకో జబ్బుకి తాడు తెస్తుంది. అది ఆ తల్లికి తెలుసు.

*

గురువారం పొద్దున మాత్ర అరచేతిలో వేసుకుని కాసేపు చూశాడు. నోట్లో వేసుకోలేదు. చొక్కా జేబులో పడేశాడు. ఎలాగూ టెక్కలి వెళ్తున్నాడు, డాక్టరుకి చెప్పే ఆపేద్దామనుకున్నాడు. ఒప్పుకోకపోతే చెప్పకుండా ఆపేద్దామని కూడా అనుకున్నాడు.

పలాస దాకా దానయ్యతో పాటే ఆటో. మందస రోడ్డెక్కాక కుదుపులు తగ్గాయి. ముందు సీటు వెనక కడ్డీ పట్టుకున్న ఉమామహేష్ చేయి మాత్రం ఊగుతూనే ఉంది. దానయ్య చాలాసేపు చూసి, తన చేయి తీసి దాని మీద వేశాడు. సూదులు గుచ్చి గుచ్చి నరాలు ఉబ్బి గట్టిపడ్డ చేయి.

"ఎన్నాల్ల నుంచి ఇలాగ?"

"ఈ మధ్యనే మావా."

"వాంతులౌతన్నాయేటి?"

"లేదు. కడుపు బాగోలేదు రెండ్రోజుల్నుంచి. కాలు తూలతంది."

దానయ్య బయటికి చూశాడు. "మీ అత్తకీ ఇలాగే మొదలైనాది. దాయకురా అల్లుడా. మెసీనెక్కడానికి బయపడకు. మొదటి రోజు నాను పక్కనే కూకుంటాను. సూది గుచ్చినప్పుడు నా వేపు సూడు, సూది వేపు సూడకు."

ఉమామహేష్‌కి ఆ చేయి బరువు తెలిసింది. ఇంత మంచి మనిషిని ఇంతకాలం మోసం చేస్తున్నానే అనిపించింది. నోరు తెరిచాడు కూడా. ఇంతలో కాశీబుగ్గ వచ్చింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, మాట లోపలికే పోయింది.

టెక్కలిలో డాక్టర్ నిహారిక అతని మాట పూర్తిగా వినలేదు. "ముందు చేతులు చాచండి," అంది. చాచాడు. "ఆ తలుపు దాకా నడిచి రండి." నడిచాడు, తిరిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"నీళ్లు సరిగ్గా తాగుతున్నారా?"

"నోరు తడుపుకుంటాను మేడం."

"ఉప్పేమైనా తగ్గించారా?"

అతనికి నవ్వొచ్చింది. తగ్గించడమా! "మానేశాను మేడం."

"ఎవరు మానెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదండి. ఊరు మొత్తం అంది."

చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. కుళాయి దగ్గర అమ్మ అన్న మాట, చప్పిడి గిన్నె, దానయ్య గ్లాసు, తను ముట్టుకోని చెంబు, అన్నీ చెప్పాడు. జేబులో మాత్ర తీసి బల్ల మీద పెట్టాడు. నిహారిక ఒక్కసారి కూడా నవ్వలేదు.

"చూడండి, మీరు వేసుకునే లిథియం కూడా ఒక రకం ఉప్పే. ఒంట్లో మామూలు ఉప్పు తగ్గితే, కిడ్నీలు కంగారుపడి దీన్ని బయటికి పోనివ్వవు. నీళ్లు కూడా తాగకపోతే మరీను. రోజూ అదే మోతాదు వేసుకున్నా లోపల పేరుకుపోతుంది. మీ చేతులు వణికేది అందుకే. మొదటిరోజే చెప్పాను, తిండిలో ఉప్పు మార్చొద్దని. ఆ రోజు మీరు వినే స్థితిలో లేరులెండి." పెన్ను మళ్లీ తీసుకుంటూ అంది, "మీ కిడ్నీలు కిందటి పరీక్షలో శుభ్రంగా ఉన్నాయి. ఇలాగే ఇంకొన్నాళ్లు నడిస్తే మీ అమ్మగారి అబద్ధం నిజమయ్యేది."

రక్తం తీయించింది. సాయంత్రం దాకా మంచం మీద పడుకోబెట్టి సెలైను ఎక్కించింది. సీసాలో చుక్కలు పడుతుంటే ఉమామహేష్ వాటి తాళం లెక్కపెట్టుకున్నాడు. చాన్నాళ్లకి దాహం తీరింది, అదీ నోటితో కాదు.

"సోమవారం దాకా ఆ మాత్ర ఆపండి. మళ్లీ రక్తం చూసి, ఎంత వెయ్యాలో నేను చెప్తాను," అందామె వెళ్లేముందు.

"పొద్దున నేనే ఆపాను కదండీ."

"మీరు ఆపడం వేరు, నేను ఆపమనడం వేరు. నేను ఆపమన్నప్పుడు కాపలా కూడా ఉంటాను. రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యాలి. ఒక్క రాత్రి నిద్ర పట్టకపోయినా వెంటనే చెయ్యాలి. ఉప్పు అందరిలాగే తినండి. దాహం వేసినప్పుడల్లా తాగండి. ఎవరి ముందైనా సరే."

*

ఎవరి ముందైనా అన్నది డాక్టరు చెప్పినంత తేలిక కాదు. శుక్రవారం పెద్దతల్లి కొడుకుని వంటింట్లో కూర్చోబెట్టి తలుపేసింది.

"లోపల తిను. కడుపు నిండా తిని, మల్లీ అరుగు మీద రెండు ముద్దలు తిన్నట్టు సెయ్యి."

ఉప్పు పట్టించిన ఎండు నెత్తళ్ల చేపలు వేయించింది. వాసన వీధిలోకి పోకుండా కిటికీకి గోనె అడ్డం కట్టింది. ఉమామహేష్ ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు తగలగానే దవడలు లాగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నం వెనకాలే అన్నం తిన్నాడు. తల్లి పొయ్యి ముందు కూర్చుని చూస్తూ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నా మూలానే గదా," అంది.

"నీ మూలాన కాదు లేమ్మా."

"మరెవుల మూలాన? నాను సెప్పిన మాటే గదా నీ కూట్లో ఉప్పు తీసేసినాది." కొంగు తీసి గట్టిగా అంది, "అయినా సెప్పలేన్రా. పిచ్చోడి తల్లి అంటారు నన్ను. నన్నంటే పడతాను. నిన్నంటే?"

అరుగు మీద దానయ్య మంచి హుషారుగా ఉన్నాడు. ముద్ద కలుపుతూనే మొదలెట్టాడు.

"నిన్న నర్సమ్మతో మాటాడినాన్రా. పరీచ్చలు రాగానే నా పక్క మంచమే నీకిప్పిత్తానంది. ఇద్దరం ఒకే ఆటోలో ఎల్లొచ్చు. నీకు ముందర బయంగుంటాది గానీ, పక్కన మనూరి మనిసుంటే..."

ఉమామహేష్ నోట్లో ఇంకా నెత్తళ్ల రుచి ఉంది. ఇక భరించలేకపోయాడు.

"మావా, నాకు కిడ్నీ కాదు."

గుమ్మంలో పెద్దతల్లి చేతిలోని గరిటె గిన్నెకి తగిలి మోగింది.

"నాది మనసు జబ్బు. వైజాగ్‌లో పిచ్చాసుపత్రిలో ఉన్నాను. ఆ మాత్ర తింటే బాగుంటాను. ఉప్పూ నీళ్లూ లేకపోతే అదే మాత్ర ఇసమైపోతాదట. అందుకే ఈ వణుకు. నీతో సెప్పలేక సప్పిడి తిన్నాను."

దానయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అతను పెద్దతల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"నిన్న ఇంటికెల్లి తనూజ ముందర ఏడిసినాన్రా నీ గురించి," అన్నాడు దానయ్య. "మీ అత్త పోయినాక మల్లీ నిన్నే ఏడిసినాను. ఈ సప్పిడి కూడు నాకు గొంతు దిగతందంటే, పక్కన నువ్వూ అదే తింటన్నావని. బతికే జబ్బు ఎట్టుకుని, సచ్చే జబ్బు పేరు సెప్పుకుంటావేట్రా?"

ముద్ద కంచంలో వదిలేశాడు. గ్లాసులో మిగిలిన గుక్కెడు నీళ్లతో చేయి కడుక్కున్నాడు. సాయంత్రం దాకా తాగాల్సిన నీళ్లవి. కండువా దులిపి భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం అరుగు మీద ఎవరూ లేరు. దానయ్య పొద్దున్నే ఒక్కడూ ఆటో ఎక్కాడు, ఇటు చూడలేదు. పెద్దతల్లి కొడుకుతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే చప్పిడి కూర వండి, గిన్నెతో తీసుకెళ్లి దానయ్య ఇంటి మెట్టు మీద పెట్టి వచ్చింది. పొద్దు వాలేటప్పటికి గిన్నె కడిగి గోడ మీద బోర్లించి ఉంది. తిన్నాడో, కుక్కకి వేశాడో తెలియదు.

పాకలో ఉమామహేష్ గొట్టాన్ని తీగ మీద ఆనించాడు. వణుకు పూర్తిగా పోలేదు. కానీ నిన్నటి చేయి కాదిది. స్వరం ఆగమన్న చోట ఆగింది. సంతోషించాల్సిన మనిషి గోడ మీద బోర్లించిన గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం డాక్టరుకి ఫోన్ చేసి, నిద్ర పట్టిందని చెప్పాడు. మిగతాది చెప్పలేదు.

*

ఆదివారం ఆనంద్ పెందరాళే వచ్చేశాడు. సముద్రపు గాలి లేవకముందే అయిపోవాలని తొందర. పాకలో ఒక మైకు పెట్టాడు, జీడిచెట్ల పిట్టల చప్పుడు కూడా కావాలని ఇంటి పెరటివైపు ఇంకో మైకు పెట్టాడు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, మొహమాటంగా ఉమామహేష్ చేతుల వైపు చూశాడు.

"ఎలా ఉన్నాయి?"

"పర్లేదు."

"ఒక్కటే టేక్ అనుకో. మధ్యలో ఆపకు. ఆగిందా, మళ్లీ అంత ఊపిరి రాదు."

ఉమామహేష్ కళ్లు మూసుకున్నాడు. గొట్టం తీగ మీద జారింది, ఎక్కాల్సిన చోటికి ఎక్కింది, నిలబడింది. పెట్టె దాన్ని అందుకుని వెనక్కి ఇచ్చింది. ఆ తిరిగొచ్చిన మోత మీద ఇంకొకటి వేశాడు, దాని మీద ఇంకొకటి. పాక నేల మెల్లగా కదలడం మొదలైంది. ఒకప్పుడు ఇక్కడికి వచ్చాక అతనికి వెనక్కి వచ్చే దారి తెలిసేది కాదు. ఇవాళ కాలి కింద మట్టి తెలుస్తోంది, వీపున చెమట తెలుస్తోంది. భయం వేయలేదు. చాలా కాలానికి భయం వేయలేదు.

పెరట్లో ఎవరో వచ్చిన చప్పుడు. ఎదురింటి గౌరీశ్వరి గొంతు. "పట్నం నుంచి సుట్టాలొచ్చినారంట గదా వొదినా, పనసపొట్టు కూర తెచ్చినాను. మహేషుకి సప్పిడిది వేరే గిన్నిలో ఎట్టినాను."

అమ్మ తీసుకుంటుంది, అలవాటే, అనుకున్నాడు ఉమామహేష్, వేళ్లు ఆపకుండానే.

అప్పుడు గోడ అవతల నుంచి దానయ్య అరిచాడు. డయాలసిస్ మర్నాడు మామూలుగా గొంతు పెగలని మనిషి.

"ఓలమ్మీ గౌరీస్పరీ! ఆ గిన్ని ఇలాగ తే. సప్పిడిది నాకు ఇచ్చీ. ఆడికి ఉప్పున్నది ఎట్టు!"

"అదేటి మావా, కిడ్నీ ఉన్నోడికి..."

"ఆడిది కిడ్నీ కాదెహె! మనసు జబ్బు. మాత్ర ఏసుకుంటన్నాడు, నిమ్మలంగా ఉన్నాడు. ఉప్పు లేకపోతే ఆ మాత్ర పడదంట, డాట్రమ్మ సెప్పినాది. ఈదిలో అందరికీ సెప్పు. ఆడికెవులూ సప్పిడి కూర తేకండి. సప్పిడి పంక్తికి నానొక్కడినే సాల్ను!"

ఆనంద్ చేయి ఆపే మీట మీదికి వెళ్లింది. ఉమామహేష్ కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపాడు. స్వరాన్ని అలాగే పట్టుకున్నాడు. చేయి వణికింది, మాత్ర వల్ల కాదు. ఆ వణుకుని కూడా పెట్టె అందుకుంది.

పెరట్లో గౌరీశ్వరి గొంతు తగ్గించి అడుగుతోంది, "నిజమేనా వొదినా?"

పెద్దతల్లి జవాబు వీధికి వినపడేలాగే వచ్చింది. "నిజమేనే. నానే అబద్దమాడినాను. మనసు జబ్బే నా కొడుక్కి." కాసేపటికి గౌరీశ్వరి, "మరి ముందే సెప్పొద్దా, ఇన్నాల్లూ ఉప్పు నేకుండా ఎలాగ తిన్నాడో పాపం," అంది. ఊరంతా ఆవిడలాగే అంటుందని కాదు. రేపు కుళాయి దగ్గర ఇంకోలా అనేవాళ్లూ ఉంటారు. కానీ మొదటి మాట ఇదయింది.

ఉమామహేష్ మోతను దానంతటదే సన్నబడి ఆగిపోనిచ్చాడు. ముగించాడు. పాట ముగిసింది.

ఆనంద్ హెడ్‌ఫోన్ తీశాడు. "అద్భుతంగా వచ్చింది రా. ఆ కేకలే పడ్డాయి మధ్యలో. మళ్లీ తీద్దామా?"

"వద్దు. ఉంచెయ్."

"ఏమంటున్నాడో అంతా వినపడుతోంది మహేష్. నీ జబ్బు సంగతి..."

"అందుకే. ఉంచెయ్."

మధ్యాహ్నం అరుగు మీద ఆనంద్‌తో కలిపి మూడు కంచాలు పడ్డాయి. పెద్దతల్లి వంటింట్లోంచి ఉప్పు జాడీ తెచ్చి, వీధిలో పోయేవాళ్లకి కనపడేలా అరుగు మధ్యలో పెట్టింది. దానయ్య వచ్చి తన చోట తను కూర్చున్నాడు. శుక్రవారం సంగతి ఎత్తలేదు. గౌరీశ్వరి తెచ్చిన చప్పిడి గిన్నె తన ముందుకి లాక్కుని, ఉమామహేష్ కంచంలో పనసపొట్టు కూర వైపు చూశాడు.

"సరిపోయినాదేట్రా ఉప్పు?"

"సరిపోయింది మావా. కొంచెం ఎక్కువే పడింది."

"ఎక్కువే పడాల," అన్నాడు దానయ్య తృప్తిగా, తనే తిన్నట్టు.

ఎండ పెళ్లుమంటోంది. ఉమామహేష్‌కి దాహం వేసింది. చెయ్యి చెంబు దాకా వెళ్లి, దానయ్య చిన్న గ్లాసు చూసి ఆగింది. దానయ్య ఆ ఆగడం గమనించాడు. చెంబు తనే ఎత్తి అతని చేతికి ఇచ్చాడు.

"నా ముందరే తాగు," అన్నాడు. "మొత్తం తాగరా. నాను సూత్తాను."

ఉమామహేష్ తలెత్తి తాగాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా దానయ్య అతని గొంతు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత తన గ్లాసు తీసుకుని ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడు.